చుక్కలు తప్పిన ముగ్గు

మెడలో స్టాప్‌వాచీ వేసుకుని
కనిగిరి ఆసుపత్రిలో మూడు రోజులు
ఎవరెవరి వెనకో తిరిగాను.
నాలుగో రోజు పెంచలమ్మ వెనక.

ఓపీ చీటీకి గేటు పక్క గది,
డాక్టరు వరండా చివర,
రక్తమివ్వడానికి మెట్లెక్కి పైకి,
ఆ కాగితం మీద ముద్రకు
మళ్లీ గేటు పక్కకే.
ఫ్లోరైడు నీళ్లు బిగదీసిన మోకాళ్లతో
ఆరువందల పన్నెండు అడుగులు.
డాక్టరు చూసింది మూడు నిమిషాలు.

ఆమె నడిచిన దారంతా
ఎర్ర పెన్సిలుతో ప్లాను మీద గీస్తుంటే
తొంగిచూసి నవ్వింది:
"ఏంది పాపా ఇది, చుక్కలు తప్పిన ముగ్గు!
పోయిన గీత మీదే మళ్లీ పోతావేంది?
చెయ్యెత్తకుండా తిప్పుకురావాల."
తను ముగ్గేసి తొమ్మిదేళ్లయిందట.
కూర్చుంటే లేవలేదు.

చదువులో నేర్చిన పెద్ద మాటలు
ఆ పూట నోటికి రాలేదు.
రాత్రి లాడ్జి గదిలో చుక్కలు మార్చాను:
రక్తం తీసే బల్ల కిందికి,
ముద్ర నర్సు మార్తమ్మ సొరుగులోకి,
మందుల కిటికీ బయటికెళ్లే దారిలోకి.
సూపరింటెండెంటును ఒప్పించడానికి నెల పట్టింది.
గోడకు కంత కొట్టడానికి ఒక పూట.

ఇప్పుడు నూట నలభై అడుగులు.
పదకొండున్నరకే చేతిలో మందుల కవరు.

రిపోర్టులో ఆ అంకె కింద రెండు గీతలు కొట్టి
బస్టాండు మీదుగా వస్తున్నాను.
సిమెంటు బల్ల మీద పెంచలమ్మ,
కాళ్లు చాపుకుని.
వాళ్ల ఊరి బస్సు మూడున్నరకే.

నేను మిగిల్చిన గంటలన్నీ
ఆమె పక్కనే కూర్చునున్నాయి.
కాస్త జరగమని నేనూ కూర్చున్నాను.
వాచీ నొక్కాను.