నాలుగో లైను, రాత్రి డ్యూటీ

ముందుగాల లారీలు పోయినయి.
మూడు. డబ్బాలు, తీగలు, లైట్ల చట్రాలు.
తాడిపత్రి పక్కన నీ బొమ్మ మడతవడ్డది,
ఒక కన్ను, సగం మీసం, కింద ఊర్ల పేర్లు.
హైదరాబాద్. బెంగళూరు. పూణె. దుబాయి.
అడ్డాకుల టోలుగేటు కాడ
నాలుగో లైన్ల కూసోని
ఆ పేర్లు రెండుసార్లు సదివిన.
కింద చిన్నక్షరాలల్ల ఇంకేమన్న రాసిండ్రేమో అని
మెడ బయటికి వెట్టి మరీ సదివిన.

షాద్‌నగర్ దాటినవు. జడ్చర్ల దాటినవు.
భూత్పూర్ కాడ ఫర్హానా
దుకాణం షట్టర్ సగం దించి
అర్ధరాత్రి దాక రోడ్డు మీదనే నిలవడ్డదంట.
"నల్లతెర, మణెమ్మా" అని ఫోన్ జేసింది.
"ఇంత గూడ కదలలే."

కొత్తకోట కాలేజి పిల్లలు పోయిన యేడు
మూడొందల పన్నెండు సంతకాలతోని నీకు ఉత్తరం రాసిండ్రు.
మీ మేనేజర్ కాడికెల్లి ఒక్క ముక్క జవాబు:
మీ దగ్గర సరైన వేదిక లేదు.

వేదిక లేదా!
పల్లికాయ మార్కెట్ యార్డు ఉన్నది.
ఊడిస్తే పదివేల మంది కూసుంటరు.
పొట్టు గుచ్చుకుంటదేమో, అంతే.
కరెంటు అంటవా?
నీ పాట ఒక్కటి గూడ రాని మా చిన్నాయన ఆశన్న
ఆ ఒక్క రాత్రి బోరు మోటరు బందు వెడ్తనని
లైన్‌మన్ ముందర మాటిచ్చిండు.
పొట్టకొచ్చిన వరికి ఒక రాత్రి నీళ్లు ఆపుడంటే
ఏందో నీకెరుకనా?

కురుమూర్తి సామి గూడ
మా వడ్డెమాన్ల చెప్పులు కుట్టిచ్చుకుంటడు.
ఉద్దాలు చాటల వెట్టుకోని నడుస్తుంటే
ఊరూరు ఎదురొస్తది.
దేవుడు గుట్ట దిగకున్నా
ఆయన చెప్పులన్న మా తొవ్వల వస్తయి.
నువ్వు ఏసీ బస్సుల పండుకోని పోతవు.
కోపమొస్తే గిట్లనే మాట్లాడ్త, ఏమనుకోకు.
అనుకున్నా అనుకో.

మా తమ్ముడు కుర్మయ్య బెంగళూర్ల ఉంటడు.
నువ్వు పాడేకాడ జనం కూసునే మెట్లకు
సిమెంటు వోసినోళ్లల్ల వాడొకడు.
ఇప్పుడు ఆ పక్క బిల్డింగు పదకొండో అంతస్తుల ఉన్నడు.
పోయినసారి నువ్వు మైకు సూసుకుంటుంటే
సెంట్రింగు కట్టెల మీద నిలవడి ఇన్నడంట.
ఒక్కటే పల్లవి, నాలుగుసార్లు, నడుమ నడుమ హలో హలో.
"అక్కా, ఇను" అని ఫోను గాలిలకు లేపిండు.
నాకు ఇనవడ్డది మిల్లర్ సప్పుడు.
టికెట్ పన్నెండు రోజుల కూలి అని తర్వాత జెప్పిండు.

అప్పుడు తట్టింది నాకు.
నీ పోస్టర్ మీదియన్ని
మా వాడకట్టోళ్లు పనికి వోయిన ఊర్లే.
పూణె మా మేనత్తది. దుబాయి ఫర్హానా పెనిమిటిది.
నువ్వు మమ్ముల ఇడిచిపెట్టి పోలే,
మా ఎంబడే పోయినవు అనుకుంటే
కోపం తగ్గాలె గదా.
తగ్గలే.

రెండు యాభైకి నీ బస్సు నా లైన్లకే వచ్చింది.
ఫాస్టాగ్‌ల పైసల్లేవు.
లక్షమందిని కుర్చీల్లకెల్లి లేపేటోనికి
నా గేటు కట్టె లేవలే.
డ్రైవర్ తిట్టుకుంట దిగిండు.
రూలు ప్రకారం రెండింతలు.
నోట్లు మెల్లగ లెక్కవెట్టిన,
ఒకసారి తప్పి, మల్ల మొదటికెల్లి.
తెర ఎనుక ఎవరో దగ్గిండ్రు.
నువ్వే కావొచ్చు. బస్సుల పదిమందుంటరు.
పొడి దగ్గు. రెండుసార్లు.
అల్లం నీళ్లు తాగుమని జెప్పబుద్ధయింది,
కోపం మీదనే.

రసీదు చింపి ఇచ్చిన.
బండి నంబరు, తారీఖు, టైము, అడ్డాకుల.
నీ కాయితాలల్ల మా ఊరి పేరు
గిట్ల ఒక్కసారి అచ్చయింది.
డ్రైవరు సూడకుండనే జేబుల కుక్కుకున్నడు.

ఫర్హానా ఫోను: "ఆగిండా?"
"ఆగిండు" అన్న. "ఆరు నిమిషాలు."
"ఏం పాడిండు?"

ఎనుక ఉల్లిగడ్డల లారీ
హారన్ గొడ్తున్నది.