నలభై రెండు టిక్కీలు

మొన్న మా హైస్కూల్లో నాకు సన్మానం చేశారు.
శాలువా కప్పి, మైకు చేతికిచ్చి
"విజయ రహస్యం పిల్లలకు చెప్పండి సార్" అన్నారు.
"పట్టుదల" అన్నాను.
చప్పట్లు కొట్టారు.
గొంతులో ఏదో ఘాటు తగిలి మంచినీళ్లడిగాను.

ఎనిమిదో తరగతిలో నాగూర్‌బీది నా వెనక బెంచీ.
లెక్కల మాస్టారు చాక్‌పీసు దించేలోపే
జవాబు ఆమె దగ్గర ఉండేది,
ముందే వచ్చి కూర్చున్న చుట్టంలా.
"రేయ్ శేషూ, చేతిలో ఒకటి మర్చిపోయావ్!"
స్కేలుతో నా వీపు మీద పొడిచేది.
ఎన్ని కూడికలు అలా బతికాయో.

మార్చి అంటే నాకు పరీక్షలు.
మార్చి అంటే ఆమెకు మిరపకాయ.
యార్డు నిండి తేజ రకం రోడ్డెక్కే నెల,
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీల ముందు
టార్పాలిన్ నీడన తొడిమలు తీసే నెల.
కిలోకి ఇంతని కూలి.
వాళ్లమ్మకి దగ్గు, అందుకని ఇంకో రెండు చేతులు కావాలి.
పరీక్షల్నీ పంటనీ ఒకే నెలలో పెట్టింది
ఎవరి మీదా కోపంతో కాదులెండి.
ఆ తేదీలు వేసినవాళ్ల ఇళ్లలో
ఎవరూ తొడిమలు తీసి ఉండరు, అంతే.

పదో తరగతి, లెక్కల పేపరు.
నాన్న స్కూటరు మీద అరగంట ముందే దింపాడు.
జేబులో మూడు పెన్నులు, గ్లూకోజు పొట్లం,
వెనకాల బ్రాడీపేట ట్యూషను రెండేళ్లు,
గేటు బయట అమ్మ, మజ్జిగ సీసా.

నాగూర్‌బీ ఆనందపేట నుంచి పరుగున వచ్చింది.
రాత్రి పదకొండు దాకా తొడిమలు తీసిన చేతులు.
ఎంత కడిగినా కారం గోళ్ల కింద దాక్కుంటుంది.
మూడో లెక్క దగ్గర
ఎందుకో కన్ను నలుపుకుంది.

ఆ తర్వాత అరగంట కుళాయి దగ్గరే ఉంది.
"నీళ్లకెళ్లి ఎంతసేపమ్మా" అని కసిరాడు ఇన్విజిలేటరు.
నేను తలెత్తి చూశాను.
మళ్లీ దించుకుని రాసుకున్నాను.

తప్పలేదు, పాసైంది, అది కూడా చెప్పాలి.
అరవై ఒకటి. నాకు తొంభై ఎనిమిది.
అరవై ఒకటితో కాలేజీలో సీటొచ్చేదే,
ఆ జూన్‌లో వాళ్లమ్మ దగ్గు ఇంకోలా తేలకపోతే.

కిందటి నెల ఒక కోల్డ్ స్టోరేజీ ఆడిట్.
మూడు రోజులుగా ఓ తేడా దొరకదు.
నలుగురం, రెండు కంప్యూటర్లు, లెక్కలేనన్ని టీలు.
కూలీల పట్టీ మీద వేలిముద్రలు వేయించి
ఇచ్చిపోదామని ఆడవాళ్ల మేస్త్రి లోపలికొచ్చింది.
బల్లకి అటువైపు నుంచి, తలకిందులుగా,
మా స్టాకు కాగితం వంక ఓసారి చూసి
"పదిహేడో తారీకు నలభై రెండు టిక్కీలు
రెండుసార్లు ఎక్కినయ్ సార్" అంది.

నిజమే. ఎక్కాయి.

ముఖం చూశాను. ఎడమ కన్ను కింద ఆ పుట్టుమచ్చ.
"నాగూర్‌బీ?"
నవ్వింది.
"గుర్తుపట్టారే!
మీరింకా చేతిలో ఒకటి మర్చిపోతానే ఉన్నారు."

మర్చిపోయాను.
తాత వరసలో పది దాటి నాన్న వరసకి,
అక్కడ పది దాటి నా వరసకి
చడీచప్పుడు లేకుండా వచ్చి చేరిన ఆ ఒకటి.
నా మొత్తంలో అది ఉంది.
సన్మాన పత్రంలో లేదు.

మేనేజరు "భలే కనిపెట్టావే" అని ఆమెకో టీ చెప్పాడు.
నాకు ఫీజు చెక్కు రాశాడు.
నేను ఎర్ర పెన్ను తీసి నలభై రెండుని కొట్టేసి
పక్కన పొట్టి సంతకం పెట్టాను.

ఆమె టీ నిలబడే తాగింది.
కూర్చోమన్నాను కూడా. "పర్లేదండీ" అంది.

ఒకప్పటి "రేయ్" ఎక్కడో "మీరు" కింద ఎక్కిపోయింది.
ఆ పద్దు ఏ పేజీలో దిద్దాలో
ఇన్నేళ్ల నా చదువులో
ఎవరూ చెప్పలేదు.