ఇష్టముంటేనే చెప్పండి

జనవరి ఒకటి, రాత్రి పది దాటింది.
పురానాపూల్ ఇవతల మా గల్లీ పొడుగునా
నిన్న వేసిన రంగుల ముగ్గుల్ల
కొత్త సంవత్సరం అంకెలు
బండ్ల టైర్లకు అంటుకొని సగం పోయినయ్.
తెర మీద చిన్న గడి ఒకటి అడుగుతున్నది:
నీ స్కోరు చూపిస్తవా, చూపియ్యవా.
ఇంకా గంటన్నర పైనే గడువుంది.

పద్నాలుగువందల పది.
పదహారువందలకు.
లెక్కల్ల ఏడువందల డెబ్భై,
ఇంగ్లిష్‌ల ఆరువందల నలభై.
ఆ నూటముప్పై ఎక్కడ జారిందో నాకెర్కే:
మంచుల బతికే ఏదో నాచు గురించి పేరా,
రెండుసార్లు చదివిన, మూడోసారి చదువుతుంటే
తహ్సీన్ వాళ్ళ అన్న ల్యాప్‌టాప్ ఫ్యాను
పాత మిక్సీ లెక్క మొత్తుకున్నది.
హాలంత నా దిక్కే చూసింది.

మల్ల రాద్దామంటే ఫీజే పదివేలు.
నాన్నకు అది నలభై కాటాల రిపేరు.
అడగలే.

హిమాయత్‌నగర్ కన్సల్టెన్సీల మేడం
పది నిమిషాలు ఫ్రీ సలహా ఇచ్చింది:
"వాళ్ళ సగటు పద్నాలుగొందల ఎనభై. దాచెయ్."
తహ్సీన్ అంటది:
"ఆప్షనల్ అన్నది వాళ్ళ పిల్లలకు.
స్కాలర్‌షిప్ మొత్తం అడిగేటోళ్ళం మనం,
నంబర్ లేకపోతే ఫైలు తెరుస్తరా?"
నాకైతే మా బడిల
ఆప్షనల్ హాలిడే ఒక్కటే తెలుసు.
ఆ రోజు పోతే పాఠం ఉండదు,
పోకపోతే పాఠం అయిపోతది.

ధర రాయని దుకాణం ముంగట అమ్మ ఆగదు.
మస్తు ఖరీదన్నా అయి ఉండాలె,
డ్యామేజి మాలన్నా అయి ఉండాలె అంటది.

మా బడి పేరు వాళ్ళెన్నడు విని ఉండరు.
తొంభై ఏడు శాతం అన్న కాయితం మీద
హెడ్‌మాస్టర్ సంతకం కింద ముద్ర సగమే పడ్డది.
గా సగం ముద్ర పక్కన
వాళ్ళకు తెలిసిన అంకె ఒక్కటుంటే?
ఆ అంకె పొట్టిదైతే?

నాన్న ఉస్మాన్‌గంజ్‌ల కాటాలు బాగుచేస్తడు.
ఇగో, పక్కనే కింద కూర్చొని
రేపు ముద్రకు పోయే తూనికరాళ్ళు తుడుస్తున్నడు.
అరిగిన రాయి అడుగున తొర్రల సీసం పోసి
మల్ల కిలో చేసే మనిషి.
సేట్లు ఎంత బతిమిలాడినా
గ్రాము ఎక్కువ పొయ్యడు, తక్కువ పొయ్యడు.

ఆయనకు శాట్ అంటే తెల్వదు.
ఎప్పుడో నవ్వుకుంట చెప్పిండు,
నా పరీక్ష గురించి కాదు, ఆయన పెండ్లైన కొత్తల సంగతి:
"మిర్చి గోదాం కాడ లారీ కాటా మీద
మీ అమ్మ ముక్కుపుడక పెట్టి చూసిన.
సున్నా చూపించింది.
కాటా మంచిదే. ముక్కుపుడక కూడా మంచిదే."
అమ్మకు ఇప్పటికీ ఆ మాటంటే కోపం.
గాలికి కొట్టుకపోతే ఎవడు తెచ్చేటోడని.

పదకొండు ఇరవై.
కాలేజీలు ఆరు.
పైసలు లేకున్నా చూస్తమన్న రెండింటికి
పద్నాలుగువందల పది పంపిన.
మూడింటికి గడి ఖాళీగనే ఇడిచిన.
అక్కడికి వ్యాసం ఒక్కటే పోయింది,
కరిగే సీసం మీద అద్దం లెక్క తేలే పొర గురించి రాసింది.

"అయిందా?" అన్నడు నాన్న, తల ఎత్తకుంట.
చెప్పిన.
చేతుల అర్ధకిలో రాయి ఆగింది.
"ఒకటే సరుకు. రెండు దుకాండ్ల తూకం చెప్పి
మూడు దుకాండ్ల చెప్పకపోతే
మా దగ్గర ఇన్‌స్పెక్టరొస్తడు బిడ్డా."
"వాళ్ళే రాసిన్రు నాన్నా, ఇష్టముంటేనే చెప్పమని."

కాసేపు ఆలోచించిండు.
రాయిని గుడ్డల చుట్టి సంచిల పెట్టి
మల్ల బయటికి తీసి చూసిండు.
"గసొంటి గిరాకి నాకెన్నడు తగల్లే" అన్నడు.

ఆరోదాని గడి ఇంకా తెరిచే ఉంది.
పదకొండు నలభై ఒకటి.