వర్తించనిది కొట్టివేయుము

సోమవారం పదింటికల్లా ఆర్డర్లీ రూములో ఇచ్చేయాలి.
అర పేజీ కాగితం.
మధ్యలో రెండు మాటలు, వాటి నడుమ ఏటవాలు గీత:
సమ్మతమే / సమ్మతం కాదు.
కింద చీమల్లాంటి అక్షరాల్లో
వర్తించనిది కొట్టివేయుము.
హిందీలో, ఇంగ్లీషులో ఉంది,
తెలుగులోకి నేనే మార్చుకుని చదువుకున్నాను,
ఏమైనా మెత్తబడుతుందేమోనని.

పందొమ్మిదేళ్ళలో ఎన్ని ఫారాలు నింపలేదు!
ఇదొక్కటే
ఒకదాన్ని ఎంచుకోమనడం లేదు,
ఇంకోదాన్ని చంపమంటోంది.

జాలహళ్ళి క్వార్టర్సులో వాన.
నీలగిరి చెట్ల వాసన వంటింటి దాకా వస్తోంది.
క్యాంటీన్ బిల్లు వెనక లెక్క వేశాను:
పెన్షన్ సగం జీతం,
యలహంకలో రెండు గదుల అద్దె,
ముప్పై తొమ్మిదేళ్ళు.
చివరి అంకెను దేనితో కూడాలో, దేన్నించి తీయాలో తోచలేదు.

కుసుమని అడిగితే "నీ ఇష్టం" అంది.
ఆ మాటని ఎన్నివైపుల తిప్పి చూసినా
పట్టుకోడానికి పిడి దొరకలేదు.
జోధ్‌పూర్ కిటికీకి కొన్న కర్టెన్లు
తేజ్‌పూర్‌లో పొట్టివయ్యాయి, ఆదంపూర్‌లో నేల ఊడ్చాయి.
ఇక్కడికొచ్చాక కొత్త గుడ్డ తెచ్చింది గానీ
అంచు కుట్టలేదు.
గుండుసూదులు గుచ్చి వదిలేసింది.
మూడేళ్ళయింది.

నిహితకిది ఐదో బడి.
కన్నడంలో జోకులేస్తుంది, అర్థం కాకపోయినా నవ్వుతాం.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
ఒకే స్నేహితురాలి పుట్టినరోజుకి
మూడుసార్లు వెళ్ళింది.

సూరప్నాయుడు రెండేళ్ళ కిందట బయటికొచ్చి
బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చున్నాడు.
పొట్ట వచ్చింది, నవ్వు కూడా వచ్చింది.
"ఏటిరా, ఇంకా ఆలోసిస్తన్నావా? వచ్చీ" అన్నాడు.
టీ తాగుతూ మళ్ళీ వాడే అన్నాడు:
"మొన్న ఇరవై రూపాయలు తేడా వచ్చి రాత్రి తొమ్మిదింటి దాకా కూకున్నాను.
ఇరవై రూపాయలకి ఎవడూ సావడు గదా.
అదే అక్కడ ఒక పానా తగ్గితే..."
వాక్యం పూర్తి చేయలేదు.
నేనూ చేయలేదు.

మా హ్యాంగర్ గోడకి ఒక బోర్డు.
ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం ఎర్ర రంగుతో వేసి ఉంటుంది.
పని ముగిశాక ఎక్కడైనా ఎరుపు కనబడిందా,
విమానం లేవదు.
ఒకసారి పది నంబరు స్పానర్ కోసం
రాత్రంతా రన్‌వే పక్క గడ్డిలో
ముప్పైమందిమి మోకాళ్ళ మీద పాకాం.
తెల్లారగట్ల దొరికింది,
నా కవరాల్ జేబులోనే.
ఎవరూ తిట్టలేదు.
వారెంట్ ఆఫీసర్ కురువిల్లా
గడ్డి గుచ్చుకున్న చేతులు దులుపుకుని
అందరికీ టీ చెప్పాడు, నాకు ముందు ఇమ్మన్నాడు.
ఆ టీ ఎవరికి తిరిగివ్వాలి?
ఆయన దిగిపోయి ఏడేళ్ళు, నంబరు కూడా కలవదు.

నేను పోతే ఆ బోర్డు మీద
నా ఆకారం ఎర్రగా మిగులుతుందా?
మిగలదని తెలుసు.
మర్నాటికే ఇంకో కుర్రాడు సరిగ్గా నా కొలతలో అమరిపోతాడు.
ఆ ఏర్పాటు మీదే నాకు గౌరవం.
ఆ ఏర్పాటు మీదే కోపం.

ఆదివారం రాత్రి.
ఫారం ఫ్రిజ్ మీద, దాని మీద మూత తీసిన పెన్ను.
"కుర్చీ పట్టుకో" అంది కుసుమ.
ఎక్కి కర్టెన్లు దించింది.
ఉతకడానికో, కుట్టడానికో,
అడగలేదు.
గుండుసూదులు ఒక్కొక్కటే తీసి స్టీలు గిన్నెలో వేస్తోంది.
చప్పుడు లెక్కపెట్టాను, అలవాటు పోదు.
పదిహేడు.
గుచ్చినవి పద్దెనిమిది.

దీపం చాలలేదు.
నిహిత పుస్తకం మూసి ఫోను లైటు వేసింది.
చెప్పుల్లేకుండా, మోకాళ్ళ మీద,
ముగ్గురం గచ్చంతా అరచేతులతో నిమురుతూ
వెతుకుతున్నాం.