బండి ఱ

ఇక్కడ గూడ ఖరీఫే అంటరు.
మన దిక్కు ఆ మాటంటే నారు, కరిగెట,
సొసైటీ ముంగట యూరియా లైన్ల చెప్పులు.
సలాలాలో ఖరీఫంటే
కొండ మీదికెల్లి దిగొచ్చి
మూడు నెల్లు వీధుల్ల కూసునే మంచు, తుంపర.
తడవడానికని దుబాయికెల్లి, రియాద్‌కెల్లి
కార్లేసుకొని వస్తరు జనం.
ఇస్త్రీ దుకాణపోణ్ని అడగాలె దాని సంగతి.
ఏ బట్టా ఆరదు.

అసొంటి పొద్దుల వచ్చిండు నష్వాన్.
యెమెన్ల తాయిజ్ అట ఊరు.
సరిహద్దు దాంక ఉల్లిగడ్డ లారీల, అటెన్క నడక.
"ఉతకాలె" అని అంగీ పట్టి చూపిండు.
"రేపు రా" అన్న.
పోలేదు. నిలబడ్డడు.
ఉన్నది అదొక్కటే అంగీ అని
నాకు తట్టనేలేదు
గడప మీద ఆ కాళ్లు చూసేదాంక.

నా లుంగీ ఇచ్చిన.
మొన్నటి ఓట్లప్పుడు ఊళ్లె పంచిన తువ్వాల
భుజాల మీద కప్పుకున్నడు,
ఏ పార్టీదో ఆయనకేం ఎరుక!

బిల్లు బుక్కు తీసిన. పేరు రాసిన.
ఫోన్ నంబరు? తల అడ్డం ఊపిండు.
ఇల్లు?
చెయ్యి పడమటికి లేపి
సగంల దించుకున్నడు.

నేను సదివింది అయిదు.
బట్టలు కలవకుండ కాలర్ లోపట
ఒక్కొక్కరికి ఒక్క తెలుగు అక్షరం పెడ్త నల్లసిరాతోని.
బ్యాంకు హమూద్‌ది 'హ'.
మలబారు డాక్టరమ్మది 'ళ'.
మూలమీది కసాయాయనది 'గొ', ఆయనకు చెప్పలే ఎందుకో.
సీజన్ గదా, అన్నీ అయిపోయినయ్.
మిగిలింది బండి ఱ.
గుఱ్ఱంల ఉండె, ఎఱ్ఱమన్నుల ఉండె,
నా బిడ్డ పుస్తకంల ఎతికితే దొరకలే.
దాని జాగల 'ర' వచ్చి కూసుంది.
ఎవ్వలూ పంచాయితీ పెట్టలే.

"ఇదేంది?" అన్నట్టు చూసిండు.
నాకొచ్చిన అరబ్బీల అంత కథ పట్టదు.
"హర్ఫ్" అన్న. అక్షరం.
"నీది" అన్న.

నాలుగొద్దులు ఆరలే అంగీ.
నాలుగొద్దులు మా రూముల ఆరో చాప.
అంజిలయ్య గులిగిండు: "పోలీసులొస్తేనో? కఫీల్ చూస్తేనో?"
అబద్ధమెందుకు, నాకూ భయమే.
షట్టర్ సగం దించే ఇస్త్రీ చేసిన.
కని నేను ఖల్లివెల్లి అయిన ఏడాది
పేరు అడగకుండ పదకొండు నెల్లు టీ పోసిన
బలూచి ముసలాయన ఉండె.
ఆయన బాకీ ఎవరికి కట్టాలె?
ఇగ అంజిలయ్యే లేచి
జొన్నరొట్టె కొట్టుడు మొదలువెట్టిండు.

రొట్టెను తిప్పి తిప్పి చూసిండు నష్వాన్,
వాసన చూసిండు. వాళ్ల తట్టు గూడ జొన్నలేనట.
అంచు తుంచి ముందుగాల నాకిచ్చిండు
నా రొట్టె, నాకే.
సుట్టం నేనైన.

అయిదోనాడు మబ్బు పలుచవడ్డది, అంగీ ఆరింది.
ఆరిందని ఆయన అడగలే, నేను చెప్పలే.
ఇస్త్రీ బట్టల మూట చేతికిచ్చి పంపిన,
ఇదో ఈ ఇల్లు, ఆడికెల్లి ఆ ఇల్లు.
తలుపు తట్టుడు, సలాం, పైసలు, మళ్లొక సలాం.
మొదటినాడు రెండు తలుపులు మొఖం మీదనే పడ్డయ్.
వారానికి డాక్టరమ్మ అరటిగెల పంపింది.
కొబ్బరిబోండాల బండి మీది పిలగాడు
నా దుకాణం పేరు మర్సి
"నష్వాన్ లాండ్రీ" అంటుండు.
కొంచెం కాలింది నాకు. నవ్విన.

కాయితం ఇంకా కాలేదు.
ఆఫీసుకు పోయినప్పుడల్లా ఆ అంగీయే తొడుగుతడు,
ముడుత లేకుండ చేసిస్త.
ఒట్టి చేతులతోని వస్తడు, కాలర్ ఉతికి ఉతికి
సిరా ఎలిసిపోతది.

నిన్న నేనే దిద్దవోతే కలం గుంజుకున్నడు.
కుడి చెయ్యి తట్టుకెల్లి ఎడమకు,
తోక మొదలు, తల ఆఖరు,
నాలిక పంటికింద పట్టి రాసిండు.
ఎట్ల రాస్తెనేం,
ఱ నే.