పేరు అంటిచ్చే పని

మనామా బజార్ల, బంగారం దుకాండ్ల ఎనుక సందుల
పరమానంద్ సేఠ్ రేడియోల కొట్టు.
ఎనబై అయిదుల, రంజాన్ నెల దాటినంక
తైవాన్ నుంచి అట్టపెట్టెలు దిగినయి.
థర్మోకోల్ ఇప్పితే లోపల
పేరు లేని కంప్యూటర్లు,
నొసలి మీద నలుచదరంగ ఒక ఖాళీ.

ఆ ఖాళీల పేరు అంటిచ్చుడు నా పని.

సేఠ్ సొరుగుల స్టిక్కర్ల కట్ట ఉంటది, ఎండి రంగుది.
అమెరికా కంపెనీ పేరే,
నడుమ ఒక్క అక్షరం మారుస్తరు.
బొటనేలుతోని ఒత్తి, బనీను కొసతోని తుడిచి
బుడగ లేకుంట సాపు జేస్తే
నలబై దీనార్ల డబ్బకు
తొంబై దీనార్ల మొకం ఒస్తది.

తర్వాత మీటల మీద అరబ్బీ అక్షరాలు,
బియ్యపు గింజంత స్టిక్కర్లు, పట్కారుతోని.
బడి మొకం జూడని నేను
రెండు భాషలు వేళ్లతోని నేర్సుకున్న.

వర్కీది లోపలి పని.
ప్లాస్టిక్ గొట్టంల నుంచి చిప్పులు దీసి
చీమను పట్టినట్టు పట్టి గుచ్చుతడు.
"లోపల అన్నీ ఒక్క తల్లి పిల్లలే" అంటడు.

ఆగస్టుల మొహర్రక్ నుంచి ఒక పిలగాడు,
ఫవాజ్ అట, తండ్రితోని డబ్బ వాపస్ తెచ్చిండు.
కారుల ఎండకు జిగురు కరిగి
పేరు జారి పడ్డది.
"ఇది అసలుదేనా?" తండ్రి అడిగిండు.
సేఠ్ నా దిక్కు జూసిండు.
నేను కొత్త స్టిక్కర్ తెచ్చేలోపల
పిలగాడు అన్నడు: "ఆట నడుస్తది గద, ఉండనీ."

ఆ రాత్రి షట్టర్ సగం దించి
వర్కీ లెక్క రాస్తుంటే
షోకేసు డబ్బ ముంగట కూసున్న.
ఎతికి ఎతికి, తప్పో ఒప్పో, కొట్టిన:
లింబాద్రి.
పచ్చటి అక్షరాలు.
ఈ దేశంల నా పేరు కండ్ల పడుడు అదే మొదలు.
పెద్ద మీట ఒత్తితే కీసుమని మొత్తుకొని
ఏదో రాసింది.
"తప్పు అంటున్నది" అన్నడు వర్కీ, తల ఎత్తకుంటనే,
"దానికి తెల్వని మాట."

ఆర్మూర్ ఏజెంటు అమ్మిన పాస్‌పోర్టుల పేరు,
బతాకా కార్డుల పేరు, సేఠ్ పిలిచే పేరు,
నేను ఎన్నడు చూడని మనిషి పేరు
నర్సాగౌడ్ అని కొట్టిన.
మళ్ల కీసుమన్నది.
గదే తప్పు, గవే అక్షరాలు.

నవ్వొచ్చింది.
క్యాసెట్ పెట్టలేదు, ఏదీ దాచుకోదు.
కరెంటు తీస్తే రెండు పేర్లు
ఒక్క చుక్కంత అయి నడిమిట్ల పోయినయి.

పొద్దున మళ్ల ఇరవై పెట్టెలు.
ఎండలు గద, సేఠ్ ఈసారి
గట్టి జిగురు తెప్పిచ్చిండు.