దీవి రిజిస్టరు

పటంలో మాది దీవి కాదు.
గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా,
చుట్టూ టేకు చెట్లు, మిరప చేలు.
ఆషాఢం దాటాక వాగు రెండు పాయలై
ఊరి మెడచుట్టూ చేతులు వేస్తుంది,
అప్పుడవుతాం.
బస్సు రాదు. టవరు ముందే తడిసి మూగబోతుంది.
కడుపులో ఉన్నవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.
వాళ్ళు వచ్చేస్తారు.

ట్రైనింగులో ఒక మేడమ్ చెప్పింది,
ఎక్కడో సముద్రం నడుమ దేశంలో
నర్సమ్మకు సర్కారే పడవ ఇస్తుందట.
నేను నోట్సులో పడవ బొమ్మ గీసుకున్నాను.

మైని నడిచే వచ్చింది,
మోకాలి లోతు నీళ్ళలో, నొప్పి వచ్చినప్పుడల్లా
లాల్సు భుజం పట్టుకుని ఆగుతూ.
ఎనిమిదో నెల.
"ఇంకా టైముంది గదనే" అన్నాను తెలుగులో.
ఆమె మాడియాలో ఏదో అంది.
రిజిస్టరు మరాఠీలో అడుగుతోంది: మాతేచే నావ్? వయ్? గావ్?
ఆ తర్వాత గదిలో మిగిలింది ఒక్క అచ్చే,
ఆ—

డబ్బాలో ఐసు నిన్ననే నీళ్ళయింది.
సూదిమందు ఉంది, దాని సత్తువ ఉందో లేదో.
గడువు తేదీ రెండుసార్లు చదివాను,
నాకొచ్చిన మంత్రం అదొక్కటే.

కోడి కూయకముందు ఆడపిల్ల.
తూకం గిన్నెలో పడుకోబెడితే ముల్లు
కదలాలా వద్దా అని ఆలోచించింది.
పదిహేను వందల అరవై.
ఏటా మిరపకాయలు తూయించే లాల్సు
"కిలోన్నరేనా" అన్నాడు,
షావుకారు మళ్ళీ మోసం చేసినట్టు.

తర్వాత నెత్తురు.
దాని గురించి ఎక్కువ రాయను.
పొత్తికడుపు మీద అరచెయ్యి పెట్టి
గర్భసంచి గట్టిపడేదాకా రుద్దాలి,
పిండి పిసికినట్టు, అన్నారు ట్రైనింగులో.
పిండి కాదు.
కోసుకుపోతున్న ఒడ్డును
వంగి రెండు చేతులతో వెనక్కి లాగుతున్నట్టు.
నాలుగు గుడ్డలు తడిశాయి.
ఐదోది సగమే.

మైని ఒంట్లో ఇంకెవరికీ ఇవ్వగల వేడి లేదు.
బిడ్డ అరికాళ్ళు చేపపిల్లల్లా ఉన్నాయి.
"చొక్కా విప్పు" అన్నాను లాల్సుతో.
వినబడనట్టు చూశాడు.
"విప్పు. ఛాతీకి కట్టుకో."
సిగ్గుతో గోడవైపు తిరిగాడు.
నా పాతచీర చింపి
ఇద్దర్నీ ఒకే మూట కట్టాను.

ఆరు రోజులు అతను కూర్చునే నిద్రపోయాడు.
బీడీ కట్ట దూలంలోనే ఉండిపోయింది.
మైని పిండిన పాలు చెంచాలో,
చెంచా నుంచి చిటికెనవేలి గోరంత నోట్లోకి,
చుక్క, ఆగి, ఇంకో చుక్క.
"గుడ్ల మీద పుంజును పొదగేశారు"
అని లాల్సు తల్లి నవ్వింది మొదటి రోజు.
మూడో రోజు అంబలి ముందు అతనికే పోసింది,
బాలింతకు పోసినట్టు, వెచ్చగా.

ఒక రాత్రి వాన తెరిపిచ్చినప్పుడు విన్నాను,
అతను బిడ్డకు వాగు సంగతి చెబుతున్నాడు,
ఆమెకు వచ్చినా రాకున్నా తెలుగులోనే,
నాకు కూడా వినబడాలనేమో:
"మద్ది వేరు దాకా ఉంది.
వేరు కిందికి పోయింది.
రాయి కనబడుతోంది, బట్టలుతికే రాయి."

ఏడో రోజు నారింజరంగు కోట్లవాళ్ళు వచ్చారు, పడవతో.
ఎక్కించే ముందు మళ్ళీ తూచాను.
పదిహేను వందల ముప్పై.
అతని ముఖం వాడిపోయింది.
మొదటి వారం అందరూ తగ్గుతారయ్యా, అన్నాను,
నువ్వూ తగ్గావు.

రిజిస్టరులో చివరి కాలమ్,
శిశువుకు వెచ్చదనమిచ్చే యంత్రం: ఉన్నది, లేదు.
అలవాటుగా "లేదు" అని రాశాను.
పడవ మలుపు తిరిగాక కొట్టేశాను.
కొట్టివేత పక్కన సంతకం ఉండాలి, రూలు.
పెట్టాను.